స్ట్రోక్స్‌టౌన్: విశాలమైన వీధి, ఖాళీ అయిన పచ్చిక

డబ్లిన్ నుంచి ఐర్లండ్ పడమటి తీరంలోని వెస్ట్‌పోర్ట్ వైపు వెళ్ళే దారిలో, షానన్ నదిని దాటి రాస్‌కామన్ కౌంటీలోకి అడుగుపెట్టిన కొద్దిసేపటికే ఒక చిన్న పట్టణం వస్తుంది. దాని పేరు స్ట్రోక్స్‌టౌన్. జనాభా వెయ్యికి లోపే. సముద్రతీరపు కొండకొమ్ములను చూడాలన్న తొందరలో ఉన్న ప్రయాణికులు సాధారణంగా ఇక్కడ టీ తాగడానికి తప్ప ఆగరు. డబ్లిన్‌లో ఐటీ ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో కారు వేసుకుని తిరిగే తెలుగు కుటుంబాలు కూడా అంతే. అయితే ఐర్లండ్‌లో సంత పట్టణం అంటే ఏమిటో, అది ఎవరి కోసం పుట్టిందో, చుట్టుపక్కల పల్లెలతో దానికి ఎలాంటి రుణానుబంధం ఉందో ఒక్క రోజులో అర్థం చేసుకోవాలంటే ఇంతకంటే తగిన చోటు దొరకడం కష్టం.

ఆగినవారిని మొదట ఆకట్టుకునేది వీధి వెడల్పు. వెయ్యి మంది కూడా లేని ఊళ్ళో ప్రధాన వీధి సుమారు 45 మీటర్ల వెడల్పు ఉంటుంది. డబ్లిన్ నగరం నడిబొడ్డున ఉన్న ఓకానెల్ వీధిని తలపించే కొలత అది. ఒక చివర భూస్వామి భవనానికి దారితీసే తోరణ ద్వారం, రెండో చివర 1819లో కట్టిన ఎనిమిది పలకల చర్చి, మధ్యలో ఇరువైపులా వరుసగా దుకాణాలు, ఇళ్ళు. తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్న ఈ వీధి కాలక్రమంలో తనంతట తాను పెరిగినది కాదు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో, ఇక్కడి భూస్వాములైన మాన్ కుటుంబం హార్ట్‌లండ్ ప్రభువులుగా బిరుదు పొందిన రోజుల్లో, హోదాకు తగిన రాజమార్గం కావాలనే ఆలోచనతో వేయించినది. వియన్నా నగరంలోని రింగ్‌స్ట్రాస్సెను చూసి వచ్చి, దానికంటే వెడల్పుగా ఉండాలని ప్రభువు పట్టుబట్టాడని ఊళ్ళో ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ కాలం సరిపోదు. వియన్నా కోటగోడలను పడగొట్టి రింగ్‌స్ట్రాస్సె వేయాలని చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చింది 1857లో. అప్పటికి స్ట్రోక్స్‌టౌన్ వీధి వేసి దశాబ్దాలు గడిచిపోయాయి. కథ తప్పే అయినా అది పుట్టడానికి ఒక కారణం ఉంది. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద వీధి ఎందుకన్న ప్రశ్న చూసిన ప్రతివారికీ కలుగుతుంది. ఆ ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పలేదు.

అసలు జవాబు వీధిలో కాక చుట్టూ ఉన్న పొలాల్లో ఉంది. ఈ వీధికి ఖర్చయిన ప్రతి పౌండూ కౌలుగా వచ్చినదే. పట్టణం అందాన్ని, పల్లె పచ్చదనాన్ని వేర్వేరుగా చూసి మెచ్చుకుని వెళ్ళిపోయేవారికి ఈ సంబంధం కనిపించదు. ఇక్కడి పచ్చిక ప్రకృతి ఉచితంగా ఇచ్చిన దృశ్యం కాదు, చాలావరకు ఒక లెక్కల పుస్తకం మిగిల్చిన ఫలితం. స్ట్రోక్స్‌టౌన్‌ను చూడటమంటే ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడమే.

ఆ మొదటి పేజీ ఊరి పేరే. ఐర్లండ్‌లో చాలా ఊళ్ళ పేర్లు ఐరిష్ పదాలను ఇంగ్లీషు వారు తమ చెవికి తోచినట్టు రాసుకున్నవి. అర్థం పోయి శబ్దం మాత్రమే మిగిలినవి. ఈ ఊరి ఐరిష్ పేరు బేల్ నా ముల్లీ. బేల్ అంటే నోరు, లేదా రేవు ముఖద్వారం. బుల్యా అంటే దెబ్బ. దెబ్బలు పడిన రేవు అని చెప్పుకోవచ్చు. స్ట్రోక్స్‌టౌన్ అన్న ఇంగ్లీషు పేరులో శబ్దం పోయి అర్థం మిగిలింది. అంటే ఈ నేలకు మాన్ కుటుంబం రాకముందే ఒక చరిత్ర, ఒక భాష, దాని సొంతదారులు ఉన్నారన్నమాట. ఓకానర్ వంశంలోని ఒక శాఖ చేతుల్లో ఉన్న ఈ ప్రాంతం పదిహేడో శతాబ్దపు ద్వితీయార్ధంలో, ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ దండయాత్ర తరువాత జరిగిన భూముల పంపకంలో నికొలస్ మాన్ అనే సైనికాధికారికి దక్కింది. ఆ తరువాత మూడు వందల ఏళ్ళ పాటు ఊరు, భూమి, సంత అన్నీ ఆ కుటుంబం చుట్టూనే తిరిగాయి.

సంత గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఐర్లండ్‌లో వారపు అంగడి వేరు, పశువుల సంత వేరు. గుడ్లు, వెన్న, ధాన్యం, నూలు అమ్ముకునేది మొదటిది. ఏడాదిలో నిర్ణీత దినాల్లో పశువులు, గొర్రెలు, గుర్రాలు చేతులు మారేది రెండోది. రెండింటికీ రాజు ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలి, ఆ పత్రం సాధారణంగా భూస్వామి పేరు మీద ఉండేది. సంతలో వచ్చిన డబ్బు ఎక్కువ భాగం కౌలు రూపంలో తిరిగి అతని ఖజానాకే చేరేది. అందుకే సంత పట్టణాన్ని పల్లె సంపద కూడే చోటుగా మాత్రమే చూస్తే సరిపోదు. పల్లె సంపదను తోడి పోసే గిలకబావి కూడా అదే. సంత రోజున 45 మీటర్ల వెడల్పు వృథా అనిపించేది కాదు. తెల్లవారకముందే చుట్టుపక్కల పల్లెల నుంచి తోలుకొచ్చిన ఎడ్లు, దూడలు, గొర్రెలు వీధి నిండా నిలబడేవి. దుకాణదారులు కిటికీలకు అడ్డంగా కర్రలు కట్టుకునేవారు. బేరం నోటితో మొదలై చేతితో ముగిసేది. కొనేవాడూ అమ్మేవాడూ మాట కలవక విడిపోతుంటే మూడో మనిషి వచ్చి ఇద్దరి అరచేతులూ పట్టి చరిపించేవాడు. బేరం కుదిరాక అమ్మినవాడు కొన్నవాడికి అదృష్టం కోసమని కొంత డబ్బు తిరిగి ఇచ్చేవాడు. దాన్ని లక్‌పెన్నీ అంటారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రైతుల సహకార సంఘాలు గోడకట్టిన పశువుల మార్టులు పెట్టడం మొదలయ్యాక ఐర్లండ్ అంతటా వీధి సంతలు అంతరించాయి. ఈ చుట్టుపక్కల ఇప్పుడు పశువుల వ్యాపారం రాస్‌కామన్, కాసిల్రే, ఎల్ఫిన్ పట్టణాల మార్టుల్లో సాగుతుంది. స్ట్రోక్స్‌టౌన్ వీధిలో పశువుల స్థానాన్ని కార్లు ఆక్రమించాయి. అవి దాన్ని నింపలేవు గనుకే ఊరు ఖాళీగా కనిపిస్తుంది.

తోరణ ద్వారం దాటి లోపలికి వెళితే స్ట్రోక్స్‌టౌన్ పార్క్ భవనం. పదిహేడో శతాబ్దపు పాత ఇంటి చుట్టూ 1730లలో రిచర్డ్ కాసిల్స్ అనే వాస్తుశిల్పి రూపకల్పనతో రెక్కలు చాచినట్టు విస్తరించింది. మధ్యలో మహల్, ఒక పక్క వంటిల్లు, మరో పక్క గుర్రపుశాల. ఇలాంటి భవనాలు ఐర్లండ్‌లో ఇంకా చాలా ఉన్నాయి. దీని ప్రత్యేకత వంటింట్లో ఉంది. పొయ్యిలకు పైన, గది పొడవునా, మిద్దె మీద నడవడానికి వీలుగా కటకటాల వసారా కట్టారు. ఐర్లండ్‌లో ఈ తరహా వంటిల్లు చెక్కుచెదరకుండా మిగిలింది ఇదొక్కటే. ఇంటి యజమానురాలు వంటవాళ్ళ మధ్యకు దిగి రావలసిన అవసరం లేకుండా ఆ వసారాలో నిలబడి, వారానికి సరిపడా వంటల జాబితా రాసిన కాగితాన్ని కిందికి జారవిడిచేదని చెబుతారు. నౌకర్లు పెరట్లో తిరుగుతూ దొరల చూపుల్లో పడకుండా ఉండటానికి భూమిలో సొరంగ మార్గం కూడా తవ్వించారు. పని మాత్రం జరగాలి, పనిచేసే మనిషి కంటికి కనపడకూడదు అన్న ఆలోచన ఇక్కడ రాయీ సున్నంగా గట్టిపడింది. కిందినుంచి తలెత్తి ఆ వసారాను, పైనుంచి తలవంచి ఆ పొయ్యిలను, రెండు వైపుల నుంచీ చూసినవారికి తరువాత వచ్చే కథ ఆశ్చర్యం కలిగించదు.

ఆ కథ కాగితాల్లో బతికింది. మాన్ వంశపు చివరి వారసురాలు 1979లో ఎస్టేటును అమ్మినప్పుడు కొన్నది ఊళ్ళోనే ఉన్న ఒక వాహనాల వ్యాపార సంస్థ. వారికి కావలసింది గ్యారేజీ విస్తరణకు కొంత భూమి. అయితే భవనంలో గుట్టలుగా పడి ఉన్న పాత పత్రాల్లో ఒక అర్జీ ఆ సంస్థ యజమాని కంటపడింది. 1846 ఆగస్టు నెలలో క్లూనహీ అనే పల్లె రైతులు దివాణానికి పెట్టుకున్న అర్జీ అది. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే చూస్తూ భరించలేకపోతున్నామని, బంగాళాదుంపలు కుళ్ళిపోయాయని, ధాన్యం లేదని, పని ఇప్పిస్తే చేసుకుంటామని, ఆకలి తరిమితే తప్ప చట్టాన్ని గానీ దేవుడి ఆజ్ఞను గానీ దాటేవాళ్ళం కామని అందులోని సారాంశం. వాక్యాల్లో మర్యాద ఎక్కడా తప్పదు. ఆ మర్యాదే చదివేవారి గుండెను పిండుతుంది. యాభై వేలకు పైగా ఉన్న ఆ పత్రాలను భద్రపరిచి, భవనాన్ని నిలబెట్టి, గుర్రపుశాలల్లో కరువు ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. 1994లో అప్పటి దేశాధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ దాన్ని ప్రారంభించారు. ఐరిష్ హెరిటేజ్ ట్రస్ట్ నిర్వహణలో, పూర్తిగా తిరిగి తీర్చిదిద్దిన రూపంలో 2022 నుంచి అది జాతీయ కరువు మ్యూజియంగా నడుస్తోంది. దొర ఇల్లు, కౌలుదారు అర్జీ ఒకే ఆవరణలో ఉండటం వల్ల ఈ మ్యూజియంకు రాజధానిలోని ఏ ప్రదర్శనశాలకూ లేని బలం వచ్చింది.

1845 నుంచి 1852 వరకు సాగిన ఆ కరువు కేవలం ఒక తెగులు వల్ల వచ్చినది కాదు. తెగులు ఉన్న మాట నిజమే. టమాటా, బంగాళాదుంప రైతులు ఆకుమాడు తెగులుగా ఎరిగిన ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ అనే సూక్ష్మజీవి అమెరికా ఖండం నుంచి యూరప్‌కు చేరి, 1845లో ఐర్లండ్ పంటను కొంత, 1846లో దాదాపు పూర్తిగా నాశనం చేసింది. బెల్జియం, హాలండ్ వంటి దేశాల్లోనూ ఆ తెగులు తగిలింది. కానీ పేదల ప్రాణాలు ఆ ఒక్క దుంప మీదే ఇంతగా ఆధారపడి ఉన్న దేశం మరొకటి లేదు. కారణం భూమి పంపిణీ. భూస్వామి కింద పెద్ద కౌలుదారు, అతని కింద చిన్న కౌలుదారు, వాడి కింద ఒక్క పంట కాలానికి, సుమారు పదకొండు నెలలకు, చెక్క నేల తీసుకునే కూలీ. ధాన్యం, పశువులు కౌలు కట్టడానికి పోయేవి. కుటుంబం కడుపు నింపేది మాత్రం తక్కువ నేలలో ఎక్కువ పండే లంపర్ రకం దుంప. ఇంటి మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడు, వాటికి తోడు మజ్జిగ. ఈ తిండి పుష్టికరమైనదే. కానీ దుంప పోతే దాని వెనుక నిలబడటానికి మరో తిండి లేదు.

ఆపైన చట్టాలు తోడయ్యాయి. నాలుగు పౌండ్ల లోపు విలువ కట్టిన చిన్న కమతాలకు పేదల సహాయ పన్నును కౌలుదారు బదులు భూస్వామే కట్టాలని అంతకుముందే నియమం ఉంది. అంటే ఎస్టేటులో ఎంతమంది పేదలు ఉంటే దొరకు అంత భారం. 1847లో మరో నియమం వచ్చింది: పావు ఎకరానికి మించి నేల చేతిలో ఉన్నవారికి ప్రభుత్వ సహాయం అందదు. మన లెక్కలో పాతిక సెంట్లు. ఆ పాతిక సెంట్లకు పైన ఉన్న చెక్కను వదులుకుంటేనే పిల్లలకు గంజి. వదులుకుంటే వచ్చే ఏడాది విత్తడానికి నేల లేదు. చిన్న కమతాలను భూమి మీద నుంచి తుడిచిపెట్టడానికి ఇంతకంటే సూటి ఏర్పాటు అక్కరలేదు.

ఈ యంత్రాంగాన్ని లండన్ ఖజానా కార్యాలయం నుంచి నడిపించిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. సహాయం ఎక్కువైతే జనం సోమరులవుతారని, ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టరాదని గట్టిగా నమ్మినవాడు. తెలుగు పాఠకులకు ఈ పేరు పూర్తిగా పరాయిది కాకూడదు. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1859లో గవర్నరుగా వచ్చింది ఇతనే. కొత్త పన్నులను బహిరంగంగా వ్యతిరేకించినందుకు మరుసటి ఏడాదే వెనక్కు పిలిపించుకున్నారు. ఐర్లండ్ బాధితులకు తొలినాళ్ళలో అందిన విరాళాల్లో కలకత్తా నుంచి వెళ్ళిన సొమ్ము కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఐరిష్ సైనికులు, ఉద్యోగులు పోగుచేసి పంపినది. గుంటూరు ప్రాంతపు 1832-33 నాటి నందన కరువు గురించి పెద్దల నోట విన్నవారికి, ధాన్యం ఉండి కూడా జనం చనిపోవడం ఎలా సాధ్యమో వేరుగా వివరించనక్కరలేదు.

స్ట్రోక్స్‌టౌన్ ఎస్టేటు 1845లో మేజర్ డెనిస్ మాన్ చేతికి వచ్చింది. ఆయనకు ముందున్న వారసుడు మతిస్థిమితం లేనివాడని నిర్ధారణ కావడంతో ఏళ్ళ తరబడి ఎస్టేటును పట్టించుకున్నవారు లేరు, కౌలు బకాయిలు పదమూడు వేల పౌండ్లకు చేరాయి. కమతాలు ముక్కలు ముక్కలుగా చీలిపోయాయి. కొత్త యజమాని నియమించుకున్న ఏజెంటు లెక్కలు వేసి తేల్చిన మాట ఒకటే: ఈ జనాన్ని వర్క్‌హౌస్‌లో, అంటే పేదలకు పని చేయించి తిండి పెట్టే ఆశ్రయంలో, పెట్టి పోషించేదానికంటే ఓడ ఎక్కించి కెనడా పంపడం చవక. 1847 మేలో 1,490 మంది ఇళ్ళు వదిలి బయలుదేరారు. వారు ఓడ ఎక్కేదాకా దారిలో జారిపోకుండా చూడటానికి దివాణపు బంట్రోతును తోడు పంపారు. రాయల్ కాలువ గట్టు వెంబడి డబ్లిన్ దాకా నడిచి, అక్కడి నుంచి లివర్‌పూల్ చేరి, నాలుగు ఓడల్లో క్విబెక్ వైపు సాగారు. వాటిలో వర్జీనియస్ అనే ఓడ మే 28న 476 మంది ప్రయాణికులతో లివర్‌పూల్ వదిలింది. గ్రోస్ ఈల్ దీవిలోని క్వారంటీన్ కేంద్రానికి చేరేసరికి వారిలో 158 మంది దారిలోనే చనిపోయారు. మిగిలినవారిలో వంద మందికి పైగా జ్వరంతో ఉన్నారు.

ఆ వార్తలు ఊరికి చేరాయి. మరోవైపు పల్లెల్లో ఇళ్ళు ఖాళీ చేయించడం ఆగలేదు. 1847 నవంబర్ 2న రాస్‌కామన్‌లో సమావేశం ముగించుకుని బండిలో ఇంటికి వస్తున్న డెనిస్ మాన్‌ను కాల్చి చంపారు. లండన్‌లో కలకలం రేగింది. స్థానిక పూజారి ఉసిగొల్పాడని ఆరోపణలు వచ్చాయి. దానికి జవాబుగా ఎల్ఫిన్ బిషప్ ఈ ఎస్టేటులో ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాల జాబితాను పేర్లతో సహా ప్రకటించాడు. ఆ జాబితాలో మూడు వేల మందికి పైగా ఉన్నారు. మాన్ స్వభావం మీద చరిత్రకారుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అప్పులు నెత్తిన పడిన మనిషి, ఓడ ఖర్చు తానే భరించాడు, ఇతర భూస్వాములు అది కూడా చేయలేదు అన్న వాదనలో కొంత నిజం ఉంది. కానీ ఆయన పత్రాల్లో మనుషులు ఖర్చు పద్దుగా తప్ప కనిపించరన్నది అంతకంటే పెద్ద నిజం. మ్యూజియం ఈ రెంటినీ దాచకుండా పక్కపక్కన పెట్టింది. తీర్పు సందర్శకుడికే వదిలింది. ఈ నిజాయితీ మెచ్చుకోదగినది.

ఇంత తెలిశాక ఊరి బయటి పొలాలు వేరుగా కనిపిస్తాయి. రాస్‌కామన్ జనాభా 1841లో సుమారు 2,53,000; 1851కి 1,73,000. పదేళ్ళలో మూడో వంతు పోయింది. వలస ఆ తరువాతా ఆగలేదు. 2022 జనగణనలో ఈ కౌంటీ మొత్తం జనాభా దాదాపు 70 వేలు. ప్రపంచంలో నూట ఎనభై ఏళ్ళ కిందటి కంటే ఇంత తక్కువ జనం ఉన్న గ్రామసీమలు అరుదు. గడ్డి, గొర్రెలు, మెత్తటి వాలు, సున్నపురాళ్ళను సున్నం లేకుండా పేర్చిన గోడలు, దూరంగా ఒకటీ అరా ఇళ్ళు. చూసే కంటికి ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతతకు కారణం జనం లేకపోవడం.

అలాగని ఇక్కడి పచ్చిక అంతా కరువు తరువాతే పుట్టిందని అనుకుంటే పొరపాటు. ఈ సున్నపురాతి మైదానం పశువులకు పెట్టింది పేరు. కరువుకు ముందు కూడా పెద్ద పెద్ద మేత భూములు ఉండేవి, కూలీలు వాటి అంచుల్లో, బురదనేలల పక్కన ఇరుక్కుని బతికేవారు. ఆ సంప్రదాయం ఎంత పాతదో తెలుసుకోవాలంటే పడమటికి వెళ్ళి టల్స్క్ ఊరి దగ్గరున్న రాత్‌క్రోగన్ చూడాలి. ఐర్లండ్ పడమటి ప్రాంతమైన కన్నాక్ట్ రాజుల ప్రాచీన పీఠం ఇది. ఆరేడు చదరపు కిలోమీటర్ల మేరలో రెండు వందలకు పైగా పురాతన కట్టడాల ఆనవాళ్ళు, సమాధి దిబ్బలు, మట్టి కోటలు గడ్డి కింద పడుకుని ఉన్నాయి. ప్రధాన దిబ్బ వ్యాసం 88 మీటర్లు, ఎత్తు ఐదున్నర మీటర్లు. ఐరిష్ పురాణగాథల్లోని మేవ్ రాణి రాజధాని ఇదేనంటారు. తనకూ భర్తకూ ఉన్న ఆస్తిని పోల్చి చూసుకోగా ఒక్క ఎద్దు తేడా వచ్చిందని, దానికోసం ఆమె ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ రాజ్యం మీదికి దండెత్తిందని గాథ. ఉత్తర గోగ్రహణం కథ వింటూ పెరిగిన తెలుగువారికి పశువుల కోసం రాజ్యాలు కొట్టుకోవడం వింతగా అనిపించదు. దిబ్బ ఎక్కితే కనిపించేది గడ్డి, పశువులు మాత్రమే. కాబట్టి మార్గదర్శకుల వెంట నడవడం ఉత్తమం, లేకపోతే గొప్ప చరిత్ర పక్కనుంచే నడిచిపోయినా తెలియదు. వారు తీసుకెళ్ళే ఊనాగాట్, అంటే పిల్లుల గుహ, నేలలో ఒక సన్నని కన్నం. మోకాళ్ళ మీద పాకుతూ దిగాలి. ద్వారం మీది రాతి దూలం అంచున ఓగమ్ అనే ప్రాచీన ఐరిష్ లిపి గాట్లు, మేవ్ కొడుకు ఫ్రేఖ్ పేరు చెబుతాయి. పాతకాలపు సావిన్ పండుగ రాత్రి, అంటే నేటి హాలోవీన్ మూలరూపం, పరలోకపు జీవులు ఈ కన్నం గుండానే పైకి వస్తాయని నమ్మకం. లోపల దీపం ఆర్పితే అది నమ్మడం సులువే.

చుట్టుపక్కల మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. ఎల్ఫిన్‌లో గడ్డి కప్పు తొడిగిన పద్దెనిమిదో శతాబ్దపు గాలిమర ఉంది. ఊరికి దగ్గర్లోని స్లీవ్ బాన్ కొండ మీద ఇప్పుడు ఇరవై గాలి టర్బైన్లు తిరుగుతున్నాయి, వాటి మధ్య నడక దారులున్నాయి. షానన్‌కు అవతల లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని కార్లియా దగ్గర, బురదనేల భద్రంగా దాచిపెట్టిన ఓక్ దుంగల బాట ఉంది; చెట్టు వలయాల లెక్క ప్రకారం క్రీస్తుపూర్వం 148లో వేసినది.

సమయం ఉన్నవారు మాత్రం కాలువ దారిని వదులుకోకూడదు. స్ట్రోక్స్‌టౌన్ నుంచి డబ్లిన్ రేవు దాకా 165 కిలోమీటర్ల మేర, ఆ 1,490 మంది నడిచిన మార్గాన్ని జాతీయ కరువు బాటగా తీర్చిదిద్దారు. షానన్ ఒడ్డున క్లూండారా అనే చిన్న రేవు దగ్గర మొదలయ్యే రాయల్ కాలువ గట్టు మీద ఎక్కువ భాగం సాగుతుంది. సైకిల్ మీదా వెళ్ళవచ్చు. బాట పొడవునా ముప్పైకి పైగా చోట్ల రాతి దిమ్మల మీద పసిపిల్లల బూట్లు కనిపిస్తాయి. కంచుతో పోతపోసినవి. వాటి నమూనా, పాడుబడిన ఒక గుడిసె పైకప్పులో దొరికిన పందొమ్మిదో శతాబ్దపు బూట్ల జత. రెండిటినీ కలిపి కట్టి పైన దాచి ఉంచారు. అరచేతిలో పట్టే పరిమాణం. ఆ పిల్ల ఎవరో, ఏమైందో ఎవరికీ తెలియదు. కాలువ నీళ్ళ పక్కన, మనుషులు తిరగని మలుపులో, ఒక్కసారిగా ఆ బూట్లు ఎదురైతే ఏ గణాంకమూ చెప్పలేనిది అవి చెబుతాయి. ఒకటి రెండు కిలోమీటర్లు నడిచి వెనక్కు వచ్చినా చాలు, క్లూండారా లాంగ్‌ఫర్డ్ రైల్వేస్టేషన్‌కు దగ్గరే గనుక డబ్లిన్ నుంచి రైల్లో వచ్చేవారికి కూడా అది అందుబాటులోనే ఉంటుంది.

చూసే వరుస ముఖ్యం. ముందు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. తరువాత భవనం, అందులోనూ వంటిల్లు. ఆపైన మ్యూజియం. అక్కడినుంచి బయటికి రాగానే వెంటనే కారెక్కకుండా గోడ కట్టిన పూలతోటలో కాసేపు కూర్చోవడం మంచిది, మనసు కుదుటపడటానికి. పొలాలకు చివర్లో వెళ్ళాలి, అదీ పొద్దు వాలే వేళకు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు అన్ని పచ్చికలూ ఒకలాగే ఉంటాయి. సూర్యుడు కిందికి దిగి వెలుగు ఏటవాలుగా పడినప్పుడు, కొన్ని గడ్డి వాలుల మీద సన్నని చారలు తేలతాయి. దువ్వెనతో దువ్వినట్టు, ఒకదాని పక్కన ఒకటి, సమాన దూరంలో. అవి దుంపలు నాటడానికి పారతో ఎత్తిన బోదెలు. 1840లలో తవ్వినవారు వెళ్ళిపోయాక మళ్ళీ ఎవరూ దున్నలేదు. గడ్డి కప్పింది, గొర్రెలు మేస్తున్నాయి, బోదెలు అలాగే ఉన్నాయి. వెలుగు తగ్గేకొద్దీ నీడలు నిండి అవి మరింత స్పష్టంగా కనిపిస్తాయి, చీకటి పడే ముందు కొద్ది నిమిషాల పాటు.